రాజప్రతినిధి కాపురంలో గూఢచారులు

శ్రోతలకు నమస్కారం.

మూడవ జార్జి రాజు మతి చలించి పాలించలేని స్థితిలో ఉండగా, 1811 నుంచి 1820 వరకు ఆయన పెద్ద కుమారుడు జార్జి ఇంగ్లండుకు రాజప్రతినిధిగా వ్యవహరించాడు. రీజెన్సీ యుగమని పేరు పడిన ఆ కాలం నేపథ్యంగా వచ్చే ప్రేమకథల్లో, తాను మనసిచ్చినవాడు ఫ్రెంచి గూఢచారేమోనని నాయిక అనుమానించడం, అపోహ తొలగాక పెళ్లి జరగడం పరిపాటి. నిజంగా జరిగిన అనుమానకథ మాత్రం రాజప్రతినిధి సొంత కాపురానిది.

ఆయన 1795లో బ్రన్స్‌విక్ రాకుమారి కెరొలిన్‌ను పెళ్లాడింది ప్రేమతో కాదు, పార్లమెంటు తన అప్పులు తీరే మార్గం చూపుతుందన్న ఆశతో. అంతకు పదేళ్ల ముందే ఆయన మరియా ఫిట్జ్‌హెర్బర్ట్ అనే వితంతువును రహస్యంగా వివాహమాడాడు. రాజు అనుమతి లేనందున ఆ వివాహం చట్టం ముందు నిలవలేదు. కెరొలిన్‌కు కుమార్తె షార్లెట్ పుట్టిన కొద్దికాలానికే ఆమె, జార్జి విడిపోయారు.

కెరొలిన్‌కు అక్రమ సంతానం ఉందన్న ఆరోపణపై 1806లో రహస్య విచారణ జరిగింది గాని, అది రుజువు కాలేదు. 1814లో ఆమె దేశం విడిచి వెళ్లినా నిఘా ఆమెను వెంటాడింది. 1818లో మిలాన్ నగరానికి వెళ్లిన విచారణ బృందం, ఆమె వద్ద పనిచేసిన నౌకర్లను వెతికి పట్టుకుని, ఆమెకూ పరివారంలోని పెర్గామికీ సంబంధం ఉందని నిరూపించడానికి, ఎవరి పడకగది ఎవరి గదికి దగ్గరగా ఉండేదో సైతం అడిగి వాంగ్మూలాలు రాయించుకుంది. అన్నం పెట్టిన ఇంటి గుట్టును ఇలా రాబట్టడం నాకు యుద్ధకాలపు గూఢచర్యం కన్నా హేయంగా తోస్తుంది.

1820లో జార్జి రాజయ్యాడు. కెరొలిన్ తిరిగి రాగానే, ఆమె రాణి హోదాను, వివాహాన్ని రద్దుచేసే బిల్లు ప్రభువుల సభకు వచ్చింది. మజోకీ అనే ఇటాలియన్ సేవకుడు మొదట ధారాళంగా సాక్ష్యం చెప్పి, ఆమె న్యాయవాది బ్రూమ్ ఎదురు ప్రశ్నలు వేసేసరికి “జ్ఞాపకం లేదు” అని మళ్లీ మళ్లీ అన్నాడు. చివరికి బిల్లు తొమ్మిది ఓట్ల ఆధిక్యంతో మాత్రమే గట్టెక్కగా, సామాన్యుల సభలో నెగ్గదని గ్రహించిన ప్రభుత్వం దాన్ని విరమించుకుంది.

కెరొలిన్ పూర్తిగా నిర్దోషి అని నేను వాదించను. అయినా వేలాది మంది స్త్రీలు ఆమెను సమర్థిస్తూ విన్నపాలపై సంతకాలు చేశారంటే కారణం స్పష్టమే. భార్య తప్పు చేస్తే భర్త పార్లమెంటు ద్వారా విడాకులు పొందగలిగిన ఆ రోజుల్లో, భర్త వ్యభిచారం ఒక్కటే కారణంగా చూపి భార్య విడాకులు పొందే వీలు లేదు.