జపాన్ నుంచి తెచ్చిన పాత ఆట, మా అన్న చూడని అంచె | నల్లగొండ వ్లాగ్

అందరికీ నమస్కారం. ఈసారి టోక్యో నుంచి కాదు, నల్లగొండలో మా అమ్మ ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. "పాత వీడియో గేములు అక్కడ ఇంట్లోనే ఆడుకోవచ్చట కదా, మాకూ చూపించు" అని మా చిన్నమ్మ కొడుకులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. అందుకే చీరల మడతల మధ్య పెట్టి నా స్విచ్ (నింటెండో కంపెనీ వీడియో గేమ్ కన్సోల్) వెంట తెచ్చాను.

జపాన్‌లో కరెంటు 100 వోల్టులే. ఈ ఛార్జరు 240 వరకు తట్టుకుంటుంది గానీ, దాని పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి, మన ప్లగ్గులో పట్టవు. అడాప్టర్ కోసం పొద్దున్నే ప్రకాశం బజారుకు వెళ్లాం. బతుకమ్మ పండుగ రోజులు కదా, గాజుల కొట్టు ముందు వదిన ఆగింది, నేనూ ఆగాను. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ చేసిన సర్వపిండి తినకుండా ఏ వీడియో మొదలవుతుంది చెప్పండి!

ఇక అసలు విషయం. జపాన్‌లో హ్యామ్‌స్టర్ అనే కంపెనీ 2014 నుంచి 'ఆర్కేడ్ ఆర్కైవ్స్' పేరుతో పాత ఆర్కేడ్ ఆటలను, అంటే కొట్లలో డబ్బులిచ్చి పెద్ద పెట్టెల మీద ఆడే ఆటలను, ఇప్పటి కన్సోళ్లకు తెస్తోంది. వారానికొకటి, గురువారం నాడు. ఎక్కువ ఆటల ధర 838 యెన్లు, అంటే మన దగ్గర ఐదు వందల లోపే. టోక్యో గేమ్ సెంటర్లో ఒక్క ఆటకే 100 యెన్ల నాణెం వేయాలి, దాదాపు అరవై రూపాయలు. నాకు నచ్చేది ధర కాదు, వాళ్ల పట్టింపు. బొమ్మలు మార్చరు, కొత్త రంగులు పూయరు. ఎన్ని ప్రాణాలు ఇవ్వాలి, ఎంత కష్టంగా ఉండాలి అని అప్పట్లో కొట్టువాళ్లు పెట్టె తెరిచి లోపలి స్విచ్చులతో మార్చేవారు. ఆ ఏర్పాటు కూడా మెనూలో ఉంటుంది. నిలువు తెర ఆటను నిలువుగానే ఉంచుతారు. టీవీకి రెండు పక్కలా నల్లగా ఉందేమని మేనల్లుడు అడిగితే అదే చెప్పాను.

డాంకీ కాంగ్ పెట్టాను. 1981లో నింటెండో ఆర్కేడ్ కోసం చేసిన ఆటలో నాలుగు అంచెలు, అంటే స్టేజీలు. 1983లో ఇంటి కన్సోల్‌కు తెచ్చినప్పుడు చోటు చాలక ఒక అంచె తీసేశారు. మన టీవీ గేమ్ క్యాసెట్లలో తిరిగింది ఆ మూడంచెల ఆటే. అసలు ఆర్కేడ్ ఆట 2018లో గానీ స్విచ్‌కు రాలేదు.

మా అన్న మొదటి అంచె పీపాలను ఇట్టే దూకేశాడు. వేళ్లకు ఇంకా గుర్తుంది! రెండో అంచెలో కన్వేయర్ బెల్టులు, వాటి మీద కదిలి వచ్చే సిమెంటు తట్టలు. అన్న చేయి ఆగిపోయింది. తట్ట తగిలి ఆటలోని హీరో మారియో పడిపోయాడు. "ఇది మా క్యాసెట్లో లేదు చెల్లె" అన్నాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. అన్న పనిచేసేది వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో. మేనల్లుడు "నాన్నా, మీ ఫ్యాక్టరీ!" అని అరిచాడు. ఇక ఎవరు అడిగినా అన్న రిమోట్ వదల్లేదు.

నా చిన్నప్పుడు క్లాక్ టవర్ దగ్గర గల్లీలో ఒక వీడియో గేముల కొట్టు ఉండేది. రూపాయికి ఒక ఆట. ఆడపిల్లలు లోపలికి వెళ్లేవారు కాదు. అన్నను పిలుచుకు రమ్మని అమ్మ పంపితే కర్టెన్ బయటే నిలబడి చప్పుళ్లు వినేదాన్ని. ఆ బటన్లు మొదటిసారి నొక్కింది టోక్యోలో, ఉద్యోగంలో చేరాక. గురువారం రాత్రి ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే పలకరించే మనిషి ఉండడు. అప్పుడు ఐదు నిమిషాల్లో ఎన్ని పాయింట్లు వస్తాయో చూసే 'క్యారవాన్' పోటీ ఆడి, ర్యాంకుల పట్టికలో నా పేరు చూసుకుంటే కొంచెం తేలికగా ఉంటుంది.

సాయంత్రం అన్న స్నేహితులు వచ్చి ఒకటే ప్రశ్న: "ముస్తఫా ఉందా?" మన ఊళ్లలో ఆ పేరుతోనే తెలుసు కదా, క్యాప్‌కామ్ 1993లో చేసిన 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. పసుపు టోపీ ముస్తఫా కోసం అప్పట్లో కొట్లాటలే జరిగేవి. అది ఇంతవరకు ఏ ఇంటి కన్సోల్‌కూ రాలేదు. 2018లో క్యాప్‌కామ్ ఇలాంటి ఫైటింగ్ ఆటలు ఏడింటిని ఒకే కట్టగా తెచ్చింది, ఫైనల్ ఫైట్ ఉంది, కెప్టెన్ కమాండో ఉంది, ఇది లేదు. కథ, పాత్రలు ఒక అమెరికా కామిక్‌వి. క్యాప్‌కామ్ ఒక్కటే అనుకుంటే సరిపోదు, ఆ హక్కులవాళ్లూ ఒప్పుకోవాలి. మన దేశంలో ఇంతమంది ప్రేమించిన ఆట చట్టబద్ధంగా కొనుక్కునే దారి లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. ఐదు వందలు కాదు, ఐదు వేలన్నా అన్న స్నేహితులు ఇచ్చేస్తారు.

ఈ స్విచ్‌ను ఇక్కడే వదిలి వెళ్తున్నాను. నేను అక్కడ స్విచ్ 2 కొనుక్కుంటాను, జపనీస్ భాష మాత్రమే ఉండే సెట్ 2025లో వచ్చినప్పుడు 49,980 యెన్లు ఉండేది, మన దగ్గర దాదాపు ముప్పై వేలు. అన్నకు విషయం చెబితే, ముందు ఆ సిమెంటు అంచె దాటనివ్వమన్నాడు.