దొరకని కెనాల్ ఎక్కడుంటుంది?

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ, దేవరకొండ నుంచి సాయంత్రం క్లినిక్ మూసుకుని మరీ వచ్చినవాళ్లున్నారు. అందుకే నేరుగా విషయానికొస్తాను: రూట్ కెనాల్ ట్రీట్‌మెంట్ (ఆర్‌సీటీ)లో మనకు దొరక్కుండా మిగిలిపోయే కెనాల్స్.

"నరం తీసిన్రు, క్యాప్ ఏసిన్రు, మళ్ల గుంజుతుంది ఏంది సార్?" ఈ మాట వినని డెంటిస్ట్ మన నల్గొండలో ఉండడు. ఎక్స్‌రే చూస్తే ఫిల్లింగ్ చివరిదాకా చక్కగా ఉంటుంది. యాంటీబయాటిక్ రాసి పంపేస్తాం. ఎవరూ తెరవని కెనాల్, అంటే వేరులో నరం నడిచే సన్నటి దారి, లోపల మిగిలి ఉంటే ఏ మాత్ర ఏం చేస్తుంది?

పైదవడ మొదటి మోలార్‌కు, అంటే నమిలే పెద్ద పన్నుకు, మూడు వేర్లు కాబట్టి మూడు కెనాల్స్ దొరకగానే ఆగిపోవడం పాత అలవాటు. బుగ్గవైపు ముందు వేరులో రెండో కెనాల్, అదే ఎంబీ2, సగానికి పైగా పళ్లలో ఉంటుంది. ఉందనే నమ్మకంతోనే వెతకాలి. అదే వేరులోని మొదటి కెనాల్ నుంచి అంగిలివైపు కెనాల్‌కు గీత గీసినట్టు ఊహించుకోండి. దానికి కాస్త ముందుకు, డెంటిన్ (ఎనామెల్ లోపలి పొర) అంచు కింద ఎంబీ2 దాక్కుంటుంది. ఆ అంచును అల్ట్రాసోనిక్ టిప్‌తో (కంపించే సన్నటి మొనతో) కొద్దికొద్దిగా తీసి, కెనాల్ కడిగే హైపోక్లోరైట్ ద్రవం నింపి, లూప్స్ అనే భూతద్దాల్లోంచి ఓపికగా చూడండి. సన్నటి బుడగలు ఒకేచోటి నుంచి లేస్తుంటే పదో నంబర్ ఫైల్, అదే సూదిలాంటి సన్నటి పనిముట్టు, అక్కడ పెట్టండి.

కింది మోలార్‌లో పల్ప్ చాంబర్ (పంటి లోపల నరం ఉండే గది) నేలే మనకు దారి చూపిస్తుంది. క్రాస్నర్, రాంకో అనే పరిశోధకులు 500 పళ్లు పరిశీలించి 2004లో చెప్పింది ఇదే: నేల రంగు గోడలకంటే ముదురు, కెనాల్ నోళ్లన్నీ గోడా నేలా కలిసేచోటే. వెనక కెనాల్ ఒక్కటే దొరికి, అదీ మధ్యలో కాకుండా బుగ్గవైపు జరిగి ఉంటే, నాలుకవైపు దాని జత కోసం చూడండి. ఒక్కోసారి ఆ జతకు విడిగా వేరే ఉంటుంది: రాడిక్స్ ఎంటోమోలారిస్. తూర్పు ఆసియా వాళ్లలో ఎక్కువ. మనకు అరుదే అయినా ఎదురవుతుంది. నేరుగా తీసిన ఎక్స్‌రేలో వెనక వేరు చాటున పడిపోతుంది కాబట్టి ట్యూబ్ పక్కకు జరిపి ఇంకోటి తీయండి. ఆ అదనపు వేరు చాలాసార్లు బుగ్గవైపు వంగుతుంది, ఫైల్ కొనను ముందే వంచి దింపాలి.

కింది రెండో మోలార్ వేర్లు కలిసిపోయి ఒక్కటిగా కనిపిస్తే సి ఆకారపు కెనాల్‌ను అనుమానించండి. దీని గురించి కుక్, కాక్స్ అనే పరిశోధకులు 1979లోనే రాశారు. అక్కడ ఫైల్ చేరని సందులు చాలా ఉంటాయి, కడగడమే అసలు పని. గాడి ఉన్న వైపు గోడ పలచన, అటు గట్టిగా గీకితే చిల్లు పడుతుంది.

ఒక మాట మధ్యలో. మర్రిగూడ వైపు నుంచి వచ్చేవాళ్ల ఫ్లోరైడ్ మచ్చలు ఎనామెల్ సంగతి. వాటిని చూసి లోపల కెనాల్స్ లెక్క వేయకండి.

సీబీసీటీ, అంటే పళ్ల త్రీడీ స్కాన్, అందరికీ వద్దు. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఆ ఖర్చు, ఆ రేడియేషన్ ఊరికే ఎందుకు? రెండు కోణాల ఎక్స్‌రేలతో తేలనప్పుడు చిన్న ఫీల్డ్ స్కాన్ చాలు. అయినా దొరక్కపోతే నేలను తవ్వకుండా ఆపి, హైదరాబాద్‌కు రెఫర్ చేయండి. చీటీలో "ఆర్‌సీటీ సగం అయింది" అని మాత్రం రాయొద్దు. ఏ కెనాల్స్ దొరికాయి, ఒక్కోటి ఎన్ని మిల్లీమీటర్లు, ఎక్కడ అనుమానం ఉందో రాసి, ఎక్స్‌రేలు కూడా పేషెంట్ చేతికిచ్చి పంపండి.