పుస్తకంలో ఉన్నదీ, బల్ల దగ్గర జరిగేదీ

అందరికీ నమస్కారం.

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్స్‌లో శృంగారం, లైంగిక హింస, చిత్రహింసలు లాంటి పెద్దల అంశాలు ఉండొచ్చా, ఉంటే ఎంతవరకు అన్నది ఏళ్ల తరబడి నలుగుతున్న గొడవ. ఆడేవాళ్లలోనే చాలామంది దీని గురించి నలుగురిలో మాట్లాడటానికి ఇబ్బంది పడతారు. ఇవాళ మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ముందుగా ఒక మాట. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. అందులో ఒకరు గేమ్ మాస్టర్. కథ జరిగే లోకాన్ని వర్ణించేది, శత్రువుల తరఫున మాట్లాడేది ఆ మనిషే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను తలుపు తీస్తాను", "నేను అతనికి అబద్ధం చెబుతాను" అంటూ కథ నడుపుతారు. ఏం జరుగుతుందో తేలని చోట పాచికలు వేస్తారు. ముందే రాసిపెట్టిన సంభాషణలు ఉండవు. కథ ఎటు పోతుందో అక్కడ కూర్చున్న ఎవరికీ పూర్తిగా తెలియదు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆటని తెచ్చినప్పుడు దాన్ని కొన్నది ఎక్కువగా యుద్ధాల బోర్డు గేమ్స్ ఆడే పెద్దవాళ్లూ, కాలేజీ కుర్రాళ్లూ. తొలి పుస్తకాలు వాళ్లని దృష్టిలో పెట్టుకునే తయారయ్యాయి. 1976లో వచ్చిన ఎల్‌డ్రిచ్ విజార్డ్రీ అట్ట మీద బలిపీఠంపై పడుకున్న నగ్న స్త్రీ బొమ్మ ఉంటుంది. 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనైతే ఊళ్లో ఎదురయ్యే వేశ్య ఎలాంటిదో పాచిక వేసి తేల్చుకోవడానికి ఒక పట్టికే ఉంది. తర్వాత ఆట పిల్లల చేతుల్లోకి వెళ్లింది, కంపెనీ జాగ్రత్తపడటం మొదలుపెట్టింది. 1981లో ఆ కంపెనీ, అంటే టీఎస్ఆర్, జీన్ వెల్స్ రాసిన ప్యాలెస్ ఆఫ్ ది సిల్వర్ ప్రిన్సెస్ కాపీలని అచ్చయ్యాక వెనక్కి తీసేసుకుంది. జుట్టుతో కట్టేసి ఉన్న స్త్రీ బొమ్మ ఒకటి అందులో ఉండటం దానికి ఒక కారణం. టామ్ మోల్డ్‌వే తిరగరాశాక అదే పుస్తకం వేరే రంగు అట్టతో మళ్లీ వచ్చింది.

అదే కాలంలో బయటి నుంచి ఇంకో దాడి మొదలైంది. 1979లో అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు కనబడకుండా పోతే, క్యాంపస్ కింద ఉండే సొరంగాల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయి ఉంటాడని పత్రికలు రాశాయి. ఆ అబ్బాయి కష్టాలకీ ఆటకీ సంబంధం లేదని తర్వాత తేలినా, జనం మనసులో ముందు పడిన ముద్రే ఉండిపోయింది. ప్యాట్రీషియా పుల్లింగ్ అనే ఆవిడ కొడుకు 1982లో చనిపోయాడు. ఆవిడ దానికి ఈ ఆటే కారణమని నమ్మి, మరుసటి ఏడాది దీనికి వ్యతిరేకంగా ఒక సంస్థ పెట్టింది. కొడుకుని పోగొట్టుకున్న తల్లి దుఃఖాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆవిడ చెప్పిన ఆధారాలు నిలబడలేదు. రచయిత మైకేల్ స్టాక్‌పోల్ వాటిని వరసగా పరిశీలించి, అవి ఎక్కడెక్కడ తప్పో 1990లో ఒక నివేదికలో చూపించాడు. ఈలోపు 1985లో సిక్స్‌టీ మినిట్స్ టీవీ కార్యక్రమం ఈ ఆరోపణల్ని ఇంటింటికీ చేర్చేసింది.

చివరికి 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో డెమన్, డెవిల్ అనే పేర్లు మాయమయ్యాయి. ఆ జీవులే కొన్నాళ్లకి టనారీ, బాటెజు అనే కొత్త పేర్లతో తిరిగొచ్చాయి. అసాసిన్, అంటే హంతకుడు అనే పాత్ర రకాన్ని కూడా తీసేశారు. బొమ్మలు మార్చారు, మాటలు మార్చారు. బల్ల దగ్గర ఒక గేమ్ మాస్టర్ తన ఎదుట కూర్చున్న మనిషితో ఎలా ప్రవర్తిస్తున్నాడన్న ప్రశ్న మాత్రం పెద్ద చర్చల్లోకి రానే లేదు. ఈ గొడవల చరిత్రలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

తొంభైల్లో గాలి మారింది. 1991లో వ్యాంపైర్: ది మాస్కరేడ్ అనే రక్తపిశాచాల ఆట వచ్చి, మేం పెద్దవాళ్ల కోసమే రాస్తున్నామని ధైర్యంగా చెప్పింది. ఆ ప్రచురణకర్తలు వైట్ వుల్ఫ్ వాళ్లు బ్లాక్ డాగ్ అనే వేరే ముద్రతో పెద్దలకు మాత్రమే అని పుస్తకాలు వేశారు. వాటిలో కొన్ని కేవలం షాక్ కొట్టించడానికి రాసినవే, నాకు నచ్చవు. అయితే 1997లో అదే ముద్ర కింద, యూదుల ఊచకోతలో చనిపోయినవాళ్ల ఆత్మల గురించి ఛార్నల్ హౌసెస్ ఆఫ్ యూరప్: ది షోవా అనే పుస్తకం వచ్చింది. ఎంతో బరువైన విషయాన్ని తలవంచి, జాగ్రత్తగా రాసిన పుస్తకం అది. పెద్దల అంశాలు అనగానే మనం శృంగారం ఒక్కదాన్నే తలుచుకుంటాం. మరణం, దుఃఖం, చరిత్ర చేసిన ఘోరాలు కూడా పెద్దల అంశాలే. చిన్నపిల్లలు మోయలేని కథలు పెద్దవాళ్లకి కావాలి. అందుకే ఇలాంటివన్నీ నిషేధించాలనే మాటని నేను ఒప్పుకోను.

2002, 2003లో జరిగిన సంగతి విన్నవాళ్లు తక్కువ. అప్పటికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ చేతిలో ఉంది. 2002లో వాళ్లే బుక్ ఆఫ్ వైల్ డార్క్‌నెస్ అనే పుస్తకం వేశారు. చిత్రహింసలు, నరబలి, వికృతమైన మంత్రాలు, అట్ట మీద పెద్దలకు అనే ముద్ర. మరుసటి ఏడాది వేరే చిన్న ప్రచురణ సంస్థ బుక్ ఆఫ్ ఎరోటిక్ ఫాంటసీ తెస్తామని ప్రకటించింది. విషయం శృంగారం, సంబంధాలు. వెంటనే విజార్డ్స్ వాళ్లు తమ డి20 లోగో, అంటే వేరేవాళ్ల పుస్తకం తమ ఆటకి సరిపోతుందని చూపే గుర్తు, వాడుకునే లైసెన్సులో మర్యాదకి సంబంధించిన నిబంధనలు చేర్చారు. ఆట నియమాలు వేరే లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉండేవి కాబట్టి ఆ పుస్తకం లోగో లేకుండానే బయటికి వచ్చింది. మనుషుల్ని హింసించడం వర్ణిస్తే ముద్ర వేసి అమ్మొచ్చు, ఇద్దరు ఇష్టపడి దగ్గరవడం వర్ణిస్తే లోగో తీసేయాలి. ఈ రెండు కొలతలు అన్యాయం అని అప్పుడూ కొందరు అన్నారు, నేనూ అంటున్నాను.

పుస్తకాల మీద అభ్యంతరాలన్నీ ఉత్తవే అని మాత్రం నేను అనడం లేదు. 2018లో వ్యాంపైర్ కొత్త ఎడిషన్ పుస్తకం ఒకదాంట్లో, చెచ్న్యాలో స్వలింగ సంపర్కుల మీద జరుగుతున్న దమనకాండని రక్తపిశాచాల కుట్రకి ముసుగుగా రాశారు. ఆ పుస్తకం అచ్చయ్యే నాటికి నిజమైన మనుషులు నిజంగానే అక్కడ చిత్రహింసలు పడుతున్నారు. వాళ్ల బాధని వాళ్ల కళ్లెదుటే కథలో మలుపుగా వాడుకోవడం తప్పు. మాతృసంస్థ పారడాక్స్ క్షమాపణ చెప్పి, ఆ భాగాన్ని తీసేసి, వైట్ వుల్ఫ్‌ని విడి సంస్థగా నడపడం మానేసింది. దానికి మూడేళ్ల ముందు, 2015లో, అత్యాచారాన్నే పోటీగా పెట్టిన ఒక పుస్తకం డ్రైవ్‌త్రూఆర్‌పీజీ అనే ఆన్‌లైన్ షాపులో కనబడి పెద్ద రభస అయింది. ఆ షాపు అప్పుడే అభ్యంతరకర పుస్తకాలపై ఒక విధానం రాసుకుంది. ఆ పుస్తకం అమ్మకం నుంచి పోయినందుకు నేనేం బాధపడను.

కానీ తీసేసే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూడాలి. 2025 జులైలో చెల్లింపు సంస్థల ఒత్తిడితో ఇచ్.ఐఓ సైటు పెద్దల అంశాలున్న వాటన్నిటినీ ఒక్కసారిగా వెతికినా దొరక్కుండా చేసేసింది. చిన్న చిన్న టేబుల్‌టాప్ ఆటలు రాసుకునే ఎంతోమందికి ఆ సైటే ఆధారం. తమ జీవితాల్లోని ప్రేమ గురించీ శరీరం గురించీ నిజాయితీగా రాసినవాళ్లు కూడా ఆ వలలో పడ్డారు. డబ్బు దారి మూసేసేవాళ్లు ఏ పుస్తకాన్నీ కూర్చుని చదవరు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2019లో బ్రిటన్‌లో యూకే గేమ్స్ ఎక్స్‌పోలో ఒక గేమ్ మాస్టర్, ముందుగా ఏ హెచ్చరికా లేకుండా, ఆటగాళ్ల పాత్రల మీద లైంగిక దాడి జరిగినట్టు కథ నడిపాడు. ఫిర్యాదు రాగానే నిర్వాహకులు అతని మిగతా ఆటలన్నీ రద్దు చేసి, మళ్లీ రాకుండా నిషేధించారు. అక్కడ జరిగినదానికి కారణం పుస్తకం కాదు. ఆ మనిషి ఏ పుస్తకం పట్టుకున్నా ఆ పని చేయగలడు.

"ఆటలో పాత్ర చచ్చిపోతే ఒప్పుకుంటారు, ఇదెందుకు ఒప్పుకోరు?" అని నన్ను చాలామంది అడిగారు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు కాబట్టి జవాబు చెప్పాలి. కత్తి పట్టుకుని రాక్షసుల గుహలోకి దిగేవాడు చావు ఉండొచ్చని తెలిసే దిగుతాడు. నియమాలు ముందే తెలుసు, పాచిక అందరి ముందూ పడుతుంది. పైగా ఈ ఆటలో లోకమంతా గేమ్ మాస్టర్‌ది, ఆటగాడికి ఉన్నది ఒక్క తన పాత్రే. ఆ పాత్ర శరీరం మీద కూడా తన ఇష్టం చెల్లదంటే ఇక ఆ మనిషికి అక్కడ మిగిలేది ఏమీ లేదు. నవల చదివేవాళ్లు ఆ పేజీ తిప్పేయొచ్చు. ఇక్కడ తన నోటితోనే "నేను" అంటూ మాట్లాడాలి, అదీ నలుగురి ముందు. నిజ జీవితంలో అలాంటిది పడ్డ మనిషి ఆ కుర్చీలో కూర్చుని ఉంటే? గేమ్ మాస్టర్‌కి ఆ సంగతి తెలిసే వీలే లేదు. అందుకే ముందు అడగాలి.

అడిగే పద్ధతులు ఈ ఆటలు ఆడేవాళ్లే తయారుచేసుకున్నారు. రాన్ ఎడ్వర్డ్స్ లైన్స్ అండ్ వీల్స్ అనే ఆలోచన ఇచ్చాడు. లైన్ గీసిన విషయం కథలోకి రానే రాదు. వీల్ వేసిన విషయం కథలో జరుగుతుంది, వర్ణన మాత్రం ఉండదు, తెర పడిపోతుంది. తర్వాత జాన్ స్టావ్రోపోలస్ ఎక్స్-కార్డ్ తెచ్చాడు. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తున్న కార్డు ఉంటుంది. ఎవరికి ఇబ్బందైనా దాన్ని తాకితే చాలు, ఆ సంఘటనని మార్చేస్తారు, కారణం అడగరు. 2019లో మాంటీ కుక్ గేమ్స్ కన్సెంట్ ఇన్ గేమింగ్ అనే చిన్న పుస్తకాన్ని ఉచితంగా ఇచ్చింది. ఉచితంగా ఇచ్చిన దాని మీద కూడా విపరీతంగా కోప్పడినవాళ్లున్నారు. ఏడాది తిరిగేసరికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అధికారిక పుస్తకంలోనే సెషన్ జీరో గురించి, అంటే ఆట మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకోవడం గురించి, హద్దులు మాట్లాడుకోవడం గురించి రాశారు.

ఆ కోపంలో ఒక మాట మాత్రం ఆలోచించదగ్గది. ముందే అన్నీ చెప్పేస్తే హారర్‌లో భయం ఏం మిగులుతుంది అని. నేను చూసినంతలో జరిగేది దీనికి వ్యతిరేకం. హద్దు తెలిసిన బల్ల దగ్గర మనుషులు ఇంకా లోతుకి వెళ్తారు. 2017లో వచ్చిన బ్లూబియర్డ్స్ బ్రైడ్ స్త్రీల భయాల మీద కట్టిన హారర్ ఆట, చాలా కఠినంగా ఉంటుంది. తోటివాళ్ల మీద నమ్మకం లేకుండా దాన్ని ఎవరూ ఆడలేరు. తలుపు వెనక ఏముందో చెప్పక్కర్లేదు. ఏది ఉండదో చెబితే చాలు.

ఎక్స్-కార్డ్ పెట్టేశాం కదా అని చేతులు దులుపుకోవడం కూడా నాకు నచ్చదు. కొత్తగా వచ్చిన మనిషి, పైగా అందరూ పాతస్నేహితులైన చోట, చెయ్యి చాచి ఆ కార్డు తాకడం ఎంత కష్టమో ఊహించండి. అందుకే గేమ్ మాస్టర్ ఒక్కొక్కరినీ విడిగా, ముందుగా అడగాలి. మధ్యలో విరామం ఇచ్చి ఎలా ఉన్నారో కనుక్కోవాలి. మొహం మాడిపోయిన మనిషిని చూసి కూడా కథ కొనసాగించేవాడికి ఏ కార్డూ అక్కరకు రాదు. "నా పాత్ర అలాగే చేస్తుంది మరి" అనే సాకు మీరందరూ వినే ఉంటారు. ఆ పాత్రని అలా రాసుకున్నది నువ్వే కదా అని నెమ్మదిగా చెప్పగలిగే మనిషి ప్రతి బల్ల దగ్గరా ఒకరైనా ఉండాలి. పాత్రని అడ్డం పెట్టుకుని ఎదుటి ఆటగాళ్లతో సరసాలాడేవాళ్ల విషయంలోనైతే నెమ్మదితనం కూడా అక్కర్లేదు, లేపి పంపేయాలి. మైనర్లు కూర్చున్న బల్ల దగ్గర లైంగిక విషయాలకి చోటే లేదు, దీని మీద చర్చ కూడా అనవసరం.

ఇక్కడ ఆటల కార్యక్రమాలు నడిపేవాళ్లు ఉన్నారు. మీకు ఒక విన్నపం. ప్రతి ఆట వివరం పక్కన అందులో ఏ అంశాలు వస్తాయో, ఎంత వయసు వాళ్లు ఆడొచ్చో రెండు వాక్యాల్లో రాయించండి. ఇబ్బంది కలిగితే ఎవరి దగ్గరికి రావాలో ఆ మనిషి పేరు గోడ మీద పెట్టండి. ఆ మనిషికి ఆటని మధ్యలో ఆపే అధికారం ఇవ్వండి, ఆపినప్పుడు అతని వెనక నిలబడండి. ఇవి ఉన్నచోట పెద్దల ఆటలు కూడా ధైర్యంగా పెట్టుకోవచ్చు, వాటిని చాటుగా ఆడాల్సిన పనిలేదు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.