ఒక్కో బిట్టుకీ ఎంత శక్తి?

అందరికీ నమస్కారం.

గుండె లయను కనిపెట్టుకుని ఉండే చేతిపట్టీ, పిలిస్తే పలికే స్పీకరు, మోటారు అదురును బట్టి బేరింగు అరిగిందని చెప్పే సెన్సరు. వీటిలోని చిప్‌కి రోజంతా గుణకారాలూ కూడికలే పని. ఆ లెక్కల్ని చిన్న బ్యాటరీతో నెట్టుకు రావడం ఎలా? లెక్కల సంఖ్య తగ్గించాలని అందరూ చూస్తారు. ఒక్కో సంఖ్యకి ఎన్ని బిట్లు, అంటే 0 లేదా 1 అయ్యే అంకెలు, కేటాయించామన్నది అంతకన్నా ముందు చూడాలంటాను.

2014లో చిప్ డిజైనర్ల సదస్సు ఐఎస్ఎస్‌సీసీలో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ ఒక పట్టిక చూపించారు. 45 నానోమీటర్ల టెక్నాలజీతో చేసిన చిప్‌లో 8 బిట్ల పూర్ణాంకాలు రెండు కూడితే 0.03 పికోజూల్ (పికోజూల్ అంటే జూల్‌లో లక్ష కోట్లో వంతు శక్తి), గుణిస్తే 0.2 ఖర్చవుతుంది. 32 బిట్ల గుణకారానికైతే 3.1. అంటే బిట్లు నాలుగు రెట్లయితే ఖర్చు సుమారు పదిహేను రెట్లయింది! కారణం బడిలో నేర్చుకున్న గుణకారంలోనే ఉంది. పై సంఖ్యలోని ప్రతి అంకెనీ కింది సంఖ్యలోని ప్రతి అంకెతో గుణించాలి. 8 బిట్లకి 64 చిన్న లబ్ధాలు, 32 బిట్లకి 1,024. బూత్ 1951లో, వాలెస్ 1964లో చెప్పిన పద్ధతులు ఈ భారాన్ని బాగా తగ్గిస్తాయి కానీ, బిట్లు పెరిగేకొద్దీ వర్గంలా పెరిగే ఆ స్వభావం పోదు.

ఆ పట్టికలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మరో వరుస. చిప్ బయట ఉన్న పెద్ద మెమరీ డీర్యామ్‌ని ఒక్కసారి చదివితే 1,300 నుంచి 2,600 పికోజూళ్లు. గుణకారం దాని ముందు చిల్లర ఖర్చు. తర్వాత వచ్చిన చిప్‌లలో ఈ అంకెలు తగ్గాయి, అయినా లెక్క చేయడం కన్నా సంఖ్యల్ని మోసుకురావడమే ఖరీదన్న మాట అలాగే ఉంది. ఇలాంటి పరికరాల్లో మాటనో అదురునో గుర్తుపట్టేది న్యూరల్ నెట్‌వర్క్ అనే ప్రోగ్రామ్ అనుకోండి. అది నేర్చుకుని దాచుకున్న సంఖ్యలే వెయిట్లు. 32 బిట్ల వెయిట్లని 8 బిట్లకి కుదిస్తే ఆ నెట్‌వర్క్ నాలుగో వంతుకి చిక్కుతుంది. అది చిప్‌లోపలి మెమరీలోనే పట్టేసిందంటే డీర్యామ్ జోలికి వెళ్లే పనే తప్పుతుంది. అసలు లాభం అక్కడుంది.

ఇక ఫ్లోటింగ్ పాయింట్. దశాంశ బిందువు ఎక్కడుందో సంఖ్యే చెప్పుకుంటుంది కాబట్టి ప్రోగ్రామ్ రాసేవాళ్లకి హాయి. చిప్‌కి మాత్రం కాదు. కూడికకి ముందు ఘాతాలు (బిందువు చోటు చెప్పే భాగాలు) సరిపోల్చాలి, ఒక సంఖ్యని జరపాలి, కూడాక మళ్లీ సర్దాలి, రౌండ్ చేయాలి. అదే పట్టికలో 32 బిట్ల పూర్ణాంక కూడిక 0.1 పికోజూల్ అయితే ఫ్లోటింగ్ కూడిక 0.9. కార్టెక్స్ ఎం0 లాంటి చిన్న ప్రాసెసర్లలో దీనికి హార్డ్‌వేరే ఉండదు. ప్రతి కూడికా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఫంక్షన్ అయి కూర్చుంటుంది.

అందుకే ఫిక్స్‌డ్ పాయింట్. బిందువు ఎక్కడుందో మనమే ముందుగా నిర్ణయించి, చిప్‌కి ఉత్త పూర్ణాంకాలు ఇస్తాం. అప్పుడు టెన్షన్ మనది. ఒక ఉదాహరణ చూడండి. రుణ సంఖ్యలూ పట్టేలా పెట్టుకుంటే 8 బిట్లలో అతి చిన్న విలువ మైనస్ 128. రెండు మైనస్ 128లు గుణిస్తే 16,384. అలాంటివి రెండు కూడితే 32,768. లెక్క మధ్యలో సంఖ్యని ఉంచుకునే చోటు రిజిస్టరు. 16 బిట్ల రిజిస్టరు పట్టేది 32,767 వరకే. రెండో కూడికకే ఓవర్‌ఫ్లో! పైగా ఏ హెచ్చరికా రాదు, పెద్ద ధన సంఖ్య కాస్తా రుణ సంఖ్య అయిపోతుంది. కాబట్టి గుణకారం 8 బిట్లలో చేసినా మొత్తాన్ని 32 బిట్లలో పోగుచేస్తారు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు: కూడిక ఎలాగూ చవక, ఆ మొత్తం రిజిస్టరు దాటి బయటికి పోదు.

ఇంకా తెగించేవాళ్లూ ఉన్నారు. 1962లోనే మిచెల్ అనే ఆయన సంవర్గమానాలని (లాగరిథమ్‌లని) ఉజ్జాయింపుగా తీసుకుని గుణకారాన్ని కూడికగా మార్చే దారి చూపించాడు. తప్పు అత్యధికంగా 11.1 శాతం. బ్యాంకు లెక్కల్లో ఇది ఊహించలేం. మాట వినబడిందా లేదా అని తేల్చే నెట్‌వర్క్‌లో చాలాసార్లు చెల్లిపోవచ్చు, అయితే ఇందులో తప్పు ఎప్పుడూ ఒకవైపే, తక్కువవైపే పడుతుంది. వేల లబ్ధాలు కూడినా అది దానంతటది రద్దు కాదు. కాబట్టి ఈ దారి పట్టేవాళ్లు సగటు తప్పుని ముందే కొలిచి, చివర్లో ఒక స్థిరాంకంతో సరిచేస్తే సరిపోతుందేమో మొదట చూసుకోవాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.