తెర చూడకుండా వింటే

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో పెద్ద ఫాంటసీ సినిమా ఏదైనా విడుదలైన రోజు మధ్యాహ్నం, మార్నింగ్ షో వదిలే వేళకు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక పావుగంట నిలబడి చూడండి. సంధ్య దగ్గరా, దేవి దగ్గరా కుర్రాళ్లు గుంపులుగా ఆగిపోయి ఉంటారు. కథ గురించి మాట్లాడుకోవడం రెండు నిమిషాల్లో అయిపోతుంది. గ్రాఫిక్స్ మీద ఇంకో రెండు నిమిషాలు. అసలు పేచీ మ్యూజిక్ దగ్గర మొదలవుతుంది. "అన్నా, పాటలు ఓకే గానీ ఆర్.ఆర్. తేలిపోయింది" అంటాడు ఒకడు. "నువ్వు ఏ సినిమా చూసినవ్‌రా? ఇంటర్వెల్‌కు నాకు రోమాలు లేచినయ్" అని ఇంకొకడు లేస్తాడు. మూడోవాడు చాయ్ గ్లాసు కింద పెట్టి, "అది ఆయన పాత సినిమాలదే కదా, కొంచెం తిప్పిండు అంతే" అంటాడు. ఇక ఆ మాట మీద గంటసేపు.

ఆర్.ఆర్. అంటే రీరికార్డింగ్. సినిమాలో పాటలు పోగా, మాటల వెనకా మాటల మధ్యా నడిచే సంగీతం. కొత్త తరం దీన్నే బీజీఎం అంటోంది. ఈ గొడవ నాకు ఇష్టమే. ఒకప్పుడు మన ఊళ్లో సినిమా సంగీతం అంటే పాటలే. పాట హిట్టయితే సంగీత దర్శకుడు గొప్పవాడు, లేకపోతే కాదు. ఇవాళ ఇరవై ఏళ్ల కుర్రాడు పాటను పక్కన పెట్టి ఫలానా సీన్‌లో వెనక ఏం మోగిందో అడుగుతున్నాడంటే మన చెవులు కొంత ఎదిగినట్టే. కాకపోతే, మొదటి రోజు మొదటి ఆటలో ఆ కాగితాలు, ఈలలు, కేకల మధ్య వీణ మోగిందో వయొలిన్ మోగిందో ఎవరికి వినపడింది? హీరో ఎంట్రీకి సున్నితమైన బాణీ పెడితే ఈలల్లో కొట్టుకుపోతుందని సంగీత దర్శకులకూ తెలుసు. అందుకే అక్కడ డప్పులు మోగిస్తారు. ఆ డప్పులు విని సినిమా మొత్తానికి మార్కులు వేసేస్తున్నాం.

చెవులు పగిలిపోయాయన్న ఫిర్యాదు కూడా ఉంటుంది. అందులో సగం తప్పు సంగీత దర్శకుడిది కాదు. మాటలు, శబ్దాలు, సంగీతం మూడింటినీ కలిపి ఏది ఎంత వినపడాలో తేల్చే మిక్సింగ్ వేరే పని, వేరే మనుషులు. దాన్ని అక్కడితో వదిలేద్దాం.

నాకు ముఖ్యమనిపించేది మూడోవాడు అన్న మాట. పాతదే మళ్లీ కొట్టాడు అనేది.

ముందు ఫాంటసీకీ మామూలు కథకీ తేడా ఏమిటో చూడాలి. అమీర్‌పేటలో జరిగే కథకు సంగీతం ఊరిని కట్టి చూపించక్కర్లేదు. ఆ మెట్రో స్టేషను, ఆ కోచింగ్ సెంటర్ల బోర్డులు చూడగానే మనకు అన్నీ తెలిసిపోతాయి. ఎవరూ చూడని రాజ్యం, ఎవరూ ఎరగని జాతి, లేని భాష... వీటి గురించి ప్రేక్షకుడి దగ్గర ఏ జ్ఞాపకమూ ఉండదు. ఆ జ్ఞాపకాన్ని మూడు గంటల్లో తయారుచేసి ఇవ్వాల్సిన పని సంగీతం మీద పడుతుంది. ఒక ఊరికి ఒక బాణీ ఇచ్చి, కథ మళ్లీ ఆ ఊరికి వచ్చినప్పుడు అదే బాణీ వినిపిస్తే, మనకు సొంత ఊరికి వచ్చినట్టుంటుంది. అంటే ఫాంటసీలో బాణీ తిరిగి రావడం తప్పు కాదు సరికదా, అదే అసలు పని.

దీన్ని లైట్‌మోటిఫ్ అంటారు, జర్మన్ సంగీతకర్త వాగ్నర్ నుంచి వచ్చింది అని సినిమా పుస్తకాలు చెబుతాయి. నిజమే. అయితే కూచిపూడి చూసేవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. తెర వెనక నిలబడిన సత్యభామ జడ మాత్రమే కనబడుతూ ఉండగానే ప్రవేశ దరువు, అంటే పాత్ర రంగం మీదకు వచ్చేటప్పటి పాట, ఎత్తుకుంటారు. వచ్చింది ఎవరో, ఆమె గర్వం ఎంతో ముఖం చూడకముందే తెలిసిపోతుంది. పాత్రకో దరువు అన్న లెక్క మన వీధి భాగవతులకూ, యక్షగానాల వాళ్లకూ పాతదే.

ఫాంటసీ సంగీతంలో ఈ లెక్కను అన్నిటికంటే విస్తారంగా నడిపినవాళ్లలో హవర్డ్ షోర్ ఒకరు. కెనడా దేశస్థుడు. 2001 నుంచి 2003 దాకా వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడు భాగాలకూ ఆయనే సంగీతం. మొదటి, మూడో భాగాలకు ఆస్కార్ వచ్చింది. ఆ సినిమాల్లో హాబిట్‌లనే పొట్టి పల్లెటూరి మనుషులకు చిన్న పిల్లనగ్రోవి లాంటి విజిల్, ఫిడేలు. గుర్రాల రాజ్యం రోహన్‌కు హార్డాంగర్ ఫిడేలు అనే నార్వే వాయిద్యం. మోరియా గనుల చీకట్లో మావోరీ, పసిఫిక్ దీవుల మగ గొంతులు. దుర్మార్గుడి కోట ఐసెన్‌గార్డ్‌కు ఇనుము కొట్టినట్టుండే తాళం, అదీ అయిదు లెక్కలో. పాశ్చాత్య శ్రోతకు ఆ అయిదు కుంటుతున్నట్టు, ఏదో ప్రమాదం ఉన్నట్టు అనిపిస్తుంది. అయిదు లెక్కలోనే నడిచే ఖండచాపు తాళం విని పెరిగిన మనకు అంత కంగారు పుట్టదనుకోండి. మన సంగీత దర్శకుడెవరైనా రాక్షసుల కోటకు తాళం వెతికితే అయిదుతో పని జరగదు, ఇంకోటి చూసుకోవాలి.

ఆయనే తిరిగి, అదే లోకంలో జరిగే హాబిట్ సినిమాలకు సంగీతం చేశారు. అవీ మూడు భాగాలే, మొదటిది 2012లో వచ్చింది. అప్పుడు ప్రపంచమంతా అభిమానుల మధ్య రేగిన వాదం ఇంకా చల్లారలేదు. మన హైదరాబాద్‌లోనూ ఇలాంటి సినిమాల పిచ్చి ఉన్నవాళ్లను కదిపితే ఇప్పటికీ రెండు పక్షాలు లేస్తాయి. అక్కడ రెండు ఫిర్యాదులు, ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

మొదటిది, తిరిగి రావాల్సిన బాణీ రాలేదు. మొదటి భాగం మొదట్లో మరుగుజ్జులందరూ బిల్బో అనే హాబిట్ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని, పోగొట్టుకున్న తమ కొండ గురించి మంద్రస్థాయిలో ఒక పాట పాడతారు. ఆ బాణీ షోర్‌ది కాదు, ప్లాన్ నైన్ అనే న్యూజీలాండ్ బృందానిది. షోర్ దాన్ని తీసుకుని మొదటి భాగమంతా ఆర్కెస్ట్రాతో నడిపించారు, వాళ్ల ప్రయాణానికి అదే గుర్తయిపోయింది. రెండు, మూడు భాగాలకు వచ్చేసరికి అది దాదాపు మాయం. వాళ్లు ఆ కొండకు చేరుకున్నప్పుడైనా వినపడుతుందని ఎదురుచూసినవాళ్లకు కడుపు మండిపోయింది. సమర్థించేవాళ్లు, కొండ చేరేసరికి ఆ మరుగుజ్జుల నాయకుడు థోరిన్ బుద్ధి బంగారం మీదకు మళ్లింది, ఆ పాట పాడిన మనిషి ఇప్పుడు లేడు, అందుకే బాణీ కూడా లేదు అంటారు. వినడానికి బాగానే ఉంది. అయితే బాణీ విరిగినట్టో, వక్రించినట్టో వినిపించి ఉంటే ఆ సంగతి మనకు తెలిసేది. అసలు వినిపించకపోతే మర్చిపోయారేమో అనే అనుకుంటాం.

రెండో ఫిర్యాదు, రాకూడని బాణీ వచ్చింది. మొదటి భాగం చివర్లో చెట్లు మండుతుండగా థోరిన్ లేచి తన శత్రువు అజాగ్ మీదకు వెళతాడు. అప్పుడు మోగేది పాత సినిమాల్లో నల్ల గుర్రాల మీద వచ్చే నాజ్‌గూల్ ప్రేతాల కోరస్. ఆ సీన్‌లో ఆ ప్రేతాలు లేవు. ఇది దర్శకుడి నిర్ణయమనీ, గట్టి కోరస్ కావాలి గనుక పెట్టారనీ కొందరు సర్దిచెబుతారు. ఏ సంగీతం ఎక్కడ ఉండాలో చివరిమాట దర్శకుడిదేనన్నది నిజం. ఈ తగవు ఎటు తెగుతుందో కాసేపట్లో చెబుతాను.

మన దగ్గరకు వద్దాం. ఫాంటసీ మనకేమీ కొత్త కాదు. పాతాళభైరవి 1951లోది, మాయాబజార్ 1957లోది, రెండింటికీ సంగీతం ఘంటసాల. మాయాబజార్‌లో కొన్ని పాటల బాణీలు మొదట సాలూరి రాజేశ్వరరావు కట్టినవే. ఆయన తప్పుకున్నాక ఘంటసాల వాటికి వాయిద్యాలు కూర్చి రికార్డు చేశారు. ఘటోత్కచుడి భోజనం పాట బాణీ అంతకుముందే నాటకాల్లో, గ్రామఫోను రికార్డుల్లో జనం విన్నదే. ఇవాళైతే "కాపీ" అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్లం. పెళ్లి భోజనమంతా ఒక్కడే తినేస్తున్న రాక్షసుడికి అంతకన్నా సరిపోయే బాణీ మాత్రం ఎవరూ చూపించలేరు. బాణీ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకంటే, వచ్చినచోట అది కుదిరిందా అన్న ప్రశ్న నాకు పెద్దది.

అలాగని ఇప్పటివాళ్లను వెనకేసుకురావడం లేదు. ఇప్పుడు ఏ ఫాంటసీ విన్నా ఒకే కోరస్, ఒకే సంస్కృత శ్లోకం, వెనక ఒకే రకం పెద్ద డ్రమ్ములు. దీనికి భక్తితో పాటు వ్యాపారం కూడా కారణం. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, హిందీ అయిదింట్లో ఒకేసారి విడుదల చేసేటప్పుడు సంస్కృతానికి డబ్బింగ్ అక్కర్లేదు. మొదట్లో నాకూ ఒళ్లు పులకరించేది. ఇప్పుడు ఆ శ్లోకం ఎత్తుకోగానే ఎవరో రాబోతున్నారని తెలుస్తుంది గానీ, ఎవరో తెలియదు. మన ప్రవేశ దరువు చేసే పని ఇది చేయడం లేదన్నమాట.

ఇంకో కారణం కూడా ఉంది, టీ కొట్టు దగ్గర వాదించేవాళ్లకు ఇది కనపడదు. ఫాంటసీ సినిమాలో గ్రాఫిక్స్ షాట్లు చివరి దాకా రావు. సంగీత దర్శకుడు ఆర్.ఆర్.కు కూర్చునేసరికి తెర మీద పెద్ద పాము ఉండాల్సిన చోట బూడిదరంగు బొమ్మ ఒకటి కదులుతూ ఉంటుంది. ఆ పాము ఎంత పెద్దదో, ఎంత వేగంగా తిరుగుతుందో ఊహించుకుని వాయించాలి. తీరా షాట్ వచ్చాక ఎడిటింగ్‌లో నాలుగు సెకన్లు ఎగిరిపోతాయి, దానితో పాటు తాళమూ తప్పుతుంది. ఇది చాలదన్నట్టు టెంప్ ట్రాక్ ఒకటి. ఎడిటింగ్ గదిలో మూగ సీన్లు చూడలేక ఏదో హాలీవుడ్ సినిమా సంగీతం తెచ్చి తాత్కాలికంగా అతికిస్తారు. నెలల తరబడి దాన్నే వింటూ చూసిన దర్శకుడికి అది తలకెక్కుతుంది. "ఇదే వద్దు, ఇలాంటిది కావాలి" అంటాడు. ఎక్కడో విన్నట్టుందే అని మనం చెవులు రిక్కించిన చోట, చాలాసార్లు జరిగింది ఇదే. విడుదల తేదీ ముందే ప్రకటించి ఉంటుంది, టెన్షన్ ఒకవైపు. మిగిలిన ఆ కొద్ది రోజుల్లో ఒక బాణీని పుట్టించి, పెంచి, విరిచి, మళ్లీ అతికించాలంటే ఎవరికి కుదురుతుంది? డప్పులకు ఇవేమీ అక్కర్లేదు.

సరే, మరి వాదన ఎలా తేల్చుకోవాలి? రేడియో విన్న పాతతరం వాళ్లకు సంక్షిప్త శబ్దచిత్రం గుర్తుండే ఉంటుంది. ఆకాశవాణిలో మొత్తం సినిమాను గంటకు కుదించి మాటలు, పాటలు, వెనక సంగీతం కలిపి వినిపించేవారు. బొమ్మ ఉండేది కాదు. అయినా పక్కింటి రేడియోలోంచి వినపడే నాలుగు మోతలు విని, ఇప్పుడు మాంత్రికుడు వచ్చాడని పిల్లలు చెప్పేవాళ్లు. ఆర్.ఆర్.కు అంతకన్నా గట్టి పరీక్ష నాకు తెలియదు. సినిమా ఓటీటీలోకి వచ్చాక మీరూ చేసి చూడండి. మీరు మెచ్చుకున్న సినిమా అయినా సరే, తిట్టిన సినిమా అయినా సరే. ఒక ఇరవై నిమిషాలు తెరకు వీపు పెట్టి కూర్చోండి. మాటలు లేని చోట ఎవరు వచ్చారో, ఏ ఊళ్లో ఉన్నామో, ఎవరు ఓడిపోతున్నారో సంగీతం చెబుతోందా లేదా చూడండి.

ఇందాక ఆపిన హాబిట్ తగవు కూడా ఇలాగే తెగుతుంది. పాత మూడు సినిమాలూ బాగా తెలిసినవాణ్ని తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టి, ఆ మండే చెట్ల సీన్ వినిపించండి. నల్ల గుర్రాల ప్రేతాలు వచ్చాయంటాడు. వచ్చింది థోరిన్. దర్శకుడు ఎవరైనా, సంగీతం ఎంత గొప్పదైనా, ఈ ఒక్క విషయంలో నేను అభిమానుల పక్షమే.

నమస్కారం.