నాస్‌కి రెండు ల్యాన్ పోర్టులు ఉంటే స్పీడ్ డబుల్ అవుతుందా?

అందరికీ నమస్కారం, బెజవాడ నుంచి. మైక్‌లో గోల రాకూడదని ఫ్యాన్ ఆపేశాను, ఈ ఎండల్లో చెమటలు కనిపిస్తే సర్దుకుపోండి.

టేబుల్ మీద ఉన్నది రెండు డిస్కుల నాస్, అంటే ఇంట్లో అన్ని సిస్టమ్‌లూ నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచుకునే పెట్టె. ఇదిగో, వెనక రెండు ల్యాన్ పోర్టులు, రెండూ 2.5 గిగాబిట్. "రెండు వైర్లు పెట్టుకోండి సార్, స్పీడ్ డబుల్" అని చెప్పి అమ్ముతారు. మీరు అనుకునే చోట మాత్రం డబుల్ అవ్వదు.

చూడండి. స్విచ్ ఒక గిగాబిట్‌ది. ఒక వైరుతో పెళ్లి వీడియో కాపీ పెట్టాను. సెకనుకు 113 ఎంబీ దగ్గర గీత సాపుగా వెళ్తోంది. గిగాబిట్ అంటే లెక్క ప్రకారం 125, హెడర్లూ అవీ పోగా మిగిలేది ఇంతే. ఇప్పుడు రెండో వైరు కూడా పెట్టి, రెండింటినీ కలిపి ఒకటిగా వాడే బాండింగ్‌లో 802.3ఏడీ అనే పద్ధతి, అదే ఎల్ఏసీపీ, ఆన్ చేశాను. మళ్లీ అదే ఫైల్. 113. అంగుళం కదల్లేదు. ప్యాకెట్లు వరస తప్పకూడదని ఒక కనెక్షన్ మొత్తాన్ని ఒకే వైరు మీద పంపడం దాని పద్ధతి. ఏ వైరు అన్నది అడ్రస్‌లను బట్టి తేలుతుంది.

సీజన్‌లో నాలుగైదు ఎడిటింగ్ సిస్టమ్‌లు ఒకేసారి నాస్ మీద పడే స్టూడియో అయితే వాటి కనెక్షన్లు రెండు వైర్ల మీదా సర్దుకోవచ్చు కాబట్టి ఎల్ఏసీపీ పనికొస్తుంది. దానికీ మేనేజ్డ్ స్విచ్, అంటే సెట్టింగ్‌లు మార్చుకోగలిగే స్విచ్, కావాలి. ఇంటికి దండగ. ల్యాప్‌టాప్ వైఫై మీద వాడేవాళ్లయితే ఈ గొడవే వద్దు. వైరు ఊడినా షేర్ ఆగకూడదు అనుకుంటే బాండింగ్‌లో యాక్టివ్-బ్యాకప్ మోడ్ పెట్టండి, ఒక వైరు పనిచేస్తుంటే రెండోది స్పేర్‌గా ఉంటుంది, మామూలు స్విచ్ చాలు. ఇదిగో, కాపీ మధ్యలో ఒక వైరు పీకుతున్నా... ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకుంది.

ఒకే పీసీకి నిజంగా రెండింతలు కావాలంటే బాండింగ్ తీసేసి ఎస్ఎంబీ మల్టీచానెల్ వాడాలి, అంటే విండోస్ ఫైల్ షేరింగే ఒక కాపీని రెండు వైర్ల మీద పంచి పంపడం. విండోస్ 8 నుంచే ఉంది, నాస్‌లలో ఆ షేరింగ్ నడిపే సాంబా సాఫ్ట్‌వేర్‌లో 4.15 నుంచి డీఫాల్ట్‌గా ఆన్. కాకపోతే పీసీకి కూడా రెండు పోర్టులుండాలి. పనిచేస్తోందో లేదో చూసే కమాండ్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను.

నాకు నచ్చింది వేరే. మొదటి పోర్టు రౌటర్‌కి, ఇంట్లో అందరికీ. రెండోది నేరుగా ఎడిటింగ్ పీసీకి, మధ్యలో స్విచ్ లేకుండా. పీసీలో 2.5 గిగాబిట్ పోర్టు ఉండాలి, లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ పెట్టుకోవచ్చు. ఐపీ అడ్రస్ నాస్‌కి 10.10.10.1, పీసీకి 10.10.10.2, మాస్క్ 255.255.255.0. గేట్‌వే ఖాళీగా వదిలేయండి, అక్కడ ఏదైనా నింపితే నెట్ ఎటు పోవాలో తెలియక తికమక పడుతుంది. డ్రైవ్‌ని పేరుతో కాకుండా ఈ ఐపీతోనే మ్యాప్ చేయండి.

ఇప్పుడు కాపీ చూడండి, 280. కాసేపటికి 200 దగ్గరికి దిగింది. నాస్ ర్యామ్ నిండిపోయింది, ఇక డిస్క్ ఎంత రాయగలిగితే అంతే. ఒకే డేటాని రెండింటిలోనూ రాసే మిర్రర్‌లో రెండు డిస్కులున్నా రాసే వేగం ఒక్క డిస్క్‌దే కాబట్టి రెండు 2.5 పోర్టులు కలిపినా ఇక్కడ ఒరిగేదేమీ లేదు.

ఎవరికైనా కాపీ సెకనుకు 11 ఎంబీ దగ్గరే ఆగిపోతుంటే నాస్‌ని తిట్టకండి, ముందు వైరు చూడండి. గోడలో లాగేటప్పుడు రెండు జతలే క్రింపింగ్ చేసి వదిలేసినవి మన ఇళ్లలో బోలెడు, వాటి మీద 100 మెగాబిట్ దాటదు. నాలుగు జతలూ కొట్టించండి. క్యాట్ 5ఈ అయినా 2.5కి సరిపోతుంది.