బండి మీద రాసింది బాక్సర్ చదవగలిగి ఉంటే

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముఖ్యంగా చివరి వరసల్లో సర్దుకు కూర్చున్న పిల్లలకు నమస్కారం. పిల్లల అభిప్రాయాల మీద సభ పెట్టి పిల్లల్ని వెనక కూర్చోబెట్టడం మనకే చెల్లింది. అందరినీ పేరుపేరునా తలుచుకోవాలనే ఉంది గానీ నాకిచ్చిన పదిహేను నిమిషాల్లో సగం ముందు మాట్లాడినవారు వాడేసుకున్నారు. కాబట్టి దండలు, ధన్యవాదాలు అన్నీ అయిపోయాయనుకోండి.

నాకిచ్చిన అంశం ‘రాజకీయ ఇతివృత్తాల పుస్తకాలు – టీనేజ్ పాఠకుల స్పందన’. బుద్ధిగా నాలుగు భాగాలుగా రాసుకొచ్చాను. మొదటి భాగం నిర్వచనాలు. అది ఇక్కడే పక్కన పెడుతున్నాను. మైకు దొరికినప్పుడల్లా నేను చెప్పేది ఒకే సంగతి. ఇదివరకు విన్నవాళ్లు అప్పుడే నవ్వుతున్నారు. నవ్వండి, మళ్లీ చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక పుస్తక సమీక్షల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఎవరు పెట్టారో చెప్పను. పుస్తకం జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’. 1945లో వచ్చింది. మనుషుల్ని తరిమేసి జంతువులు పొలాన్ని చేతిలోకి తీసుకుంటాయి, చివరికి పందులే కొత్త యజమానులవుతాయి. వచ్చిన సమీక్షలు చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు. నాయకుడైన నెపోలియన్ అనే పంది అంటే స్టాలిన్, అది తరిమేసిన స్నోబాల్ అనే పంది అంటే స్టాలిన్ వెళ్లగొట్టిన ట్రాట్‌స్కీ, ఇది రష్యా విప్లవం మీద వ్యంగ్యం. తప్పని ఎవరన్నారు? కానీ ఆ రాతలో పిల్లలు లేరు, గైడు ఉంది.

వాటి మధ్యలో పద్నాలుగేళ్ల అమ్మాయి రాసిన రెండు పేజీలు తగిలాయి. స్టాలిన్ లేడు, రష్యా లేదు. మొత్తం బాక్సర్ అనే గుర్రం గురించే. మీకు గుర్తుందా, బాక్సర్‌కి అక్షరాలు నాలుగే వస్తాయి. ‘డి’ దాటి ముందుకు పోలేడు. ఎప్పుడైనా ఆ తర్వాతి నాలుగూ నేర్చుకుంటే మొదటి నాలుగూ మర్చిపోతాడు. ఆ అమ్మాయి ఏమందంటే: నెపోలియన్ తొమ్మిది కుక్కపిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్లి అటక మీద విడిగా చదువు చెప్పించాడు. అంత తీరిక ఉన్నవాళ్లకు రోజూ కాసేపు బాక్సర్ పక్కన కూర్చోడానికి తీరిక లేదా? చివర్లో, పనిచేసి పనిచేసి కూలబడిన బాక్సర్‌ని ఆసుపత్రికని చెప్పి తీసుకెళ్లడానికి గుర్రాల్ని కోసేవాడి బండి వస్తుంది. ఆ మాట బండి మీదే పెద్దగా రాసి ఉంది. బెంజమిన్ గాడిద పైకి చదివేదాకా మిగతావాళ్లకు తెలియలేదు. బాక్సర్ అప్పటికే లోపలున్నాడు. ఆ అమ్మాయి రాసిన చివరి వాక్యం నాకు నోటికొచ్చు: “బండి మీద రాసింది బాక్సరే చదవగలిగితే ఎక్కేవాడా?”

నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ కాగితం మీద ఎర్ర ఇంకుతో ‘చారిత్రక నేపథ్యం లేదు, విషయం అర్థం కాలేదు’ అని రాశారు. మార్కుల కాగితంలో ‘సరైన అవగాహన’ అని ఒక గడి ఉంది, నలభై మార్కులకి. అందులో పన్నెండు వేశారు. నేను వాదించాను. అరగంట వాదించాను. ముగ్గురిలో ఇద్దరు అటు. మొదటి బహుమతి స్టాలిన్‌కి పోయింది.

ఇప్పుడు ఇంకో పాఠకుడి సంగతి చెప్తాను. ఇదే పుస్తకం అచ్చుకాకముందు, 1944లో, లండన్‌లో ఒక ప్రచురణ సంస్థకు రాతప్రతి వెళ్లింది. చదివి తిప్పి పంపినాయన చిన్నవాడు కాదు, మహాకవి టి.ఎస్. ఎలియట్. పందులు మిగతా జంతువులకన్నా తెలివైనవి, కాబట్టి పొలం నడపడానికి అవే తగినవి, కావలసిందల్లా ఇంకాస్త ప్రజాహితం కోరే పందులేమో అన్న ధోరణిలో ఉత్తరం రాశాడు. ఆయనకు నలభైలో ఎన్ని వేద్దాం, మేస్టారూ? నాలుగేళ్లకు నోబెల్ బహుమతి ఇచ్చారు. నేనింకో మాటంటాను, కోప్పడకండి. ఆ అమ్మాయి ఎలియట్ ఉత్తరం చూసి ఉండదు, కానీ దానికి జవాబు రాసింది. తెలివైనవాళ్లే ఏలాలన్నది ఆయన వాదన. మిగతావాళ్లకు తెలివి రాకుండా చూసిందెవరన్నది ఆమె ప్రశ్న.

ఒకసారి పిల్లలతో కూర్చుని చదువుతుంటే ఒక కుర్రాడు, “స్నోబాల్ మంచోడని అందరూ అంటారేంటండీ, పాలూ ఆపిల్సూ పందులు నొక్కేసినప్పుడు ఆయనా సరేనన్నాడుగా” అన్నాడు. మిగతా పిల్లలు నవ్వారు. అదేమంత చిన్న విషయం కాదర్రా అన్నాను. ఆర్వెల్ 1946లో ఒక అమెరికన్ సంపాదకుడికి రాసిన ఉత్తరంలో తన కథకు మలుపు అక్కడే ఉందన్నాడు, పాలూ ఆపిల్సూ పందులు తమకే ఉంచుకున్న చోట. ఆ కుర్రాడికి ఈ ఉత్తరం ఎవరు చూపించారు? ఎవరూ చూపించలేదు. ఇంట్లో ముక్కలు పంచేటప్పుడు ఎవరికెంత వచ్చిందో చూసే వయసు వాడిది.

రెండో భాగంలో ‘హంగర్ గేమ్స్’ గురించి రాసుకున్నాను. పాలకులు తమ కింది ప్రాంతాల పిల్లల్ని బరిలో వదిలి ఒకర్నొకరు చంపుకునే ఆట ఆడించే నవలల వరస అది. మన పెద్దవాళ్లు దాన్ని ప్రేమకథ అని కొట్టిపారేస్తారు. పిల్లలు మాత్రం మూడో నవలలో ఒక్క చోట ఆగిపోతారు. గెలిచిన తిరుగుబాటుదారుల నాయకురాలు కాయిన్, ఓడిన పాలకుల పిల్లలతో ఆఖరిసారి అదే చావు ఆట ఆడిద్దాం అంటుంది. కథానాయిక కాట్నిస్ ఔనని ఓటేస్తుంది. తర్వాత బాణం కాయిన్ మీదికే వదులుతుంది. మరి ఔనని ఎందుకు ఓటేసింది? కుట్రా, నిజంగానే పగా? దీనిమీద టీనేజ్ పిల్లలు కొట్టుకుంటుంటే వినాలి. గెలిచినవాళ్ల మీద అనుమానం ఎప్పుడు మొదలవ్వాలి అన్నదే వాళ్ల గొడవంతా. రాజకీయం అంటే ఇది కాక ఇంకేమిటండీ? ఆ కథలోని మూడు వేళ్ల సైగ 2014 సైనిక కుట్ర తర్వాత థాయిలాండ్ వీధుల్లోకి వచ్చింది, చేసిన విద్యార్థుల్ని పట్టుకెళ్లారు. 2021లో మయన్మార్‌లోనూ అవే వేళ్లు లేచాయి.

“రాజకీయాలు పిల్లలకెందుకండీ” అని ఇందాక ఒకరన్నారు. అమెరికాలో 1970లలో ఒక స్కూలు బోర్డు ఇలాంటివి పిల్లలకు పనికిరావని లైబ్రరీలోంచి కొన్ని పుస్తకాలు తీసేసింది. స్టీవెన్ పికో అనే పదిహేడేళ్ల విద్యార్థి, ఇంకో నలుగురు కోర్టుకెక్కారు. 1982లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఐదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపుగా, పిల్లల పక్షాన తేలింది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, పన్నెండో అధికరణం కూడా ఉంది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పొచ్చు, దానికి వయసును బట్టి, పరిణతిని బట్టి విలువ ఇవ్వాలి అంటుంది. సరే, చట్టాలు వదిలేద్దాం.

పిల్లలు చెప్పిందల్లా బంగారం అనడం లేదు. “బోర్ కొట్టింది” అనేది చాలామంది ఇచ్చే సమీక్ష. అదీ అభిప్రాయమే. ఏ పేజీ దగ్గర బోర్ కొట్టిందని అడగండి, సరుకు బయటికొస్తుంది. రచయిత తన కరపత్రం తెచ్చి పాత్రల నోట్లో పెట్టిన చోటే వేలు పెడతారు, చాలాసార్లు. మనం మొహమాటానికి మెచ్చుకునే పుస్తకాల్ని వాళ్లు నిర్దాక్షిణ్యంగా మూసేస్తారు. ఇది రాసేవాళ్లందరూ వినాల్సిన మాట, నాతో సహా.

ఒరేయ్ వెనకున్నవాళ్లూ, మీలో ఎంతమంది సమీక్ష రాసి, టీచరు దిద్దాక అది మీదేనా అని గుర్తుపట్టలేకపోయారు? చేతులెత్తండి. చూడండి అధ్యక్షా, కొంచెం అటు తిరిగి చూడండి.

గంట కొట్టారు, వినబడింది. మూడు, నాలుగు భాగాలు వదిలేస్తున్నాను. ఒక్కటే అడిగి దిగుతాను. ఈ ఏడాది మీ పోటీ నిబంధనల కాగితం ఇందాక గుమ్మం దగ్గర పంచారు, నా చేతిలో ఉంది. మూడో గడి: ‘సరైన అవగాహన – 40’. ఆ గడి కొట్టేసి, దాని బదులు ‘సొంతంగా పట్టుకున్న విషయం’ అని రాయమంటున్నాను. న్యాయనిర్ణేతల్లో ఇద్దరు పదిహేను, పదహారేళ్ల వాళ్లు ఉండాలంటున్నాను. కార్యదర్శిగారూ, మీరు ఇక్కడే ఉన్నారు, పెన్నూ మీ జేబులోనే ఉంది. కొడతారా, కొట్టరా? కమిటీలో చర్చిస్తామని మాత్రం అనకండి. చెప్పండి, విని కూర్చుంటాను.